ఆకాశమునకెగిరిన బాలిక: సూరతు బొమ్మల పుస్తకముల చరిత్ర

గుజరాతు దేశమున చైత్రమాసము వచ్చినదన్న ఓఖాహరణము చదువుట నేటికిని పెక్కు ఇండ్లలో ఆచారము. 17వ శతాబ్దిలో వడోదరకు చెందిన ప్రేమానంద భట్టు రచించిన ఆఖ్యానమిది. దీనిని చైత్రమున విన్నవారికి జ్వరము రాదని తల్లుల విశ్వాసము. మాణభట్టులను కథకులు రాగిబిందెను ముందు పెట్టుకొని, ఉంగరములు తొడిగిన వ్రేళ్ళతో దానిపై తాళము వేయుచు ఇట్టి ఆఖ్యానములను వీధి అరుగులపై రాత్రుల తరబడి పాడెడివారు. ఓఖ యనగా మన ఉషయే. బాణాసురుని కూతురు కలలో ఒక రాకుమారుని చూచి వలచుట, అతడెవరో తెలియక తపించుట, చివరకు అనిరుద్ధుని పొందుట — ఈ కథను తెలుగువారు పోతనగారి భాగవతమున చదివియున్నారు. ఉషాపరిణయము పేర నాటకములుగను చూచియున్నారు.

అయితే ఈ వ్యాసమునకు కావలసినది ఉష కాదు, ఆమె చెలికత్తె. మంత్రి కుంభాండుని కుమార్తెయైన చిత్రలేఖ కుంచె పట్టి దేవతల, గంధర్వుల, రాజుల రూపములను ఒకటి తరువాత ఒకటిగా వ్రాసి చూపినది. అనిరుద్ధుని రూపము కనబడగానే ఉష తల వంచుకొన్నది. అంతట చిత్రలేఖ తన యోగవిద్యచేత ఆకాశమార్గమున ద్వారకకు పోయి, నిద్రించుచున్న రాకుమారుని మంచముతో సహా ఎత్తుకొని వచ్చినది. ద్వారక గుజరాతు సముద్రతీరమున నున్నది గనుక గుజరాతీ పిల్లలకు ఇది తమ యూరి కథ. ఒక బాలిక, ఆమె వ్రాసిన బొమ్మ, ఆమె ఎరిగిన విద్య, ఆమె దాటిన ఆకాశము — ఈ నాలుగును అక్షరము రాని శ్రోతకు సైతము ఒక్క రాత్రిలో వినబడినవి.

అచ్చుపుస్తకము వచ్చిన పిమ్మట ఈ నాలుగును విడిపోయినవి. బొమ్మ ఒక దారిని, విజ్ఞానము మరొక దారిని, బాలికల చదువు వేరొక దారిని నడచినవి. అవి మరల ఒకే పుటలో కలిసికొనుటకు నూటయేబది సంవత్సరములకు పైగా పట్టినది. ఈ వియోగమును చూచుటకు సూరతు కంటె తగిన నగరము గుజరాతులో నాకు కనబడలేదు. ఏలయనగా ఆ మూడు దారులును ఆ నగరపు వీధులగుండానే పోయినవి.

తాపీనది యొడ్డున మొగలాయీల కాలమున ప్రపంచ ప్రసిద్ధమైన రేవుగా వెలసిన సూరతు, 19వ శతాబ్ది నాటికి తన వర్తక వైభవమును బొంబాయికి ఒప్పగించి కూర్చున్నది. వర్తకము తగ్గిన చోట వాదము పెరిగినదని హాస్యమునకు అనవచ్చును. 1842లో దుర్గారామ్ మెహతా అను బడిపంతులు, ఆయన మిత్రులును పుస్తక ప్రసారక మండలిని స్థాపించి, శిలాముద్రణ యంత్రమును తెప్పించిరి. 1844లో వారే మానవధర్మ సభను నెలకొల్పిరి. మంత్రగాండ్రు, భూతవైద్యులు తమ శక్తిని పదిమంది యెదుట ఋజువు చేయవలెనని ఈ సభ బహిరంగముగ సవాలు చేసినది. భారతదేశమున శాస్త్రీయదృష్టికై వీధిలో నిలిచి పోరాడిన తొలి సంఘములలో దీనిని చేర్చవలెను.

శిలాముద్రణమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఈ పద్ధతిలో నున్నని రాతిపై జిడ్డుసిరాతో వ్రాయుదురు. పిదప రాతిని తడిపి సిరా పూయగా, తడి సిరాను త్రోసివేయును, జిడ్డుగీత సిరాను పట్టుకొనును. అక్షరమునకు వేరు అచ్చు, బొమ్మకు వేరు దిమ్మె అక్కరలేదు. వ్రాసిన చేయియే బొమ్మను గీయవచ్చును. బొమ్మల పుస్తకమునకు ఇంతకంటె అనుకూలమైన యంత్రము ఆనాడు లేదు. అట్టి యంత్రము ఊరిలోనికి వచ్చిననాడు దానిని తెచ్చినవారి మనసున నున్నది వాదము, సంస్కారము, బడిపుస్తకము. పిల్లవాని కన్ను ఇంకను వారి లెక్కలోనికి రాలేదు. పిల్లదాని కన్ను సంగతి చెప్పనేల?

దుర్గారామ్ తరువాతి తరమువాడైన మహీపతరామ్ రూపరామ్ నీలకంఠ్ కూడ సూరతువాడే. ఆంగ్లేయ విద్యాధికారి హోప్ పేర వెలసిన గుజరాతీ వాచకమాల నిర్మాణమున ఆయన పాలుగొన్నాడు. 1860లో ఉపాధ్యాయ శిక్షణ పద్ధతులను చూచివచ్చుటకు ఇంగ్లాండు వెళ్ళినాడు. సముద్రము దాటినందుకు నాగర బ్రాహ్మణులు ఆయనను వెలివేసిరి. ఆ వెలి కథ గుజరాతీ సంస్కరణ చరిత్రలో పలుమార్లు చెప్పబడినదే. దాని తరువాతి కథను మాత్రము అంతగా చెప్పరు. ఆయన కోడలు విద్యాగౌరి, ఆమె చెల్లెలు శారద 1901లో పట్టభద్రులైరి. గుజరాతీ స్త్రీలలో వీరిద్దరే మొదటి పట్టభద్రులు. విద్యాగౌరి కుమార్తె వినోదినీ నీలకంఠ్ కథలు, నవలలతో పాటు పిల్లల కొరకును వ్రాసినది. తాత సముద్రము దాటి వెలికి గురియైన ఇంట మనుమరాలు పిల్లల రచయిత్రి యైనది. మూడు తరములలో ఇంత దూరము నడచిన కుటుంబములు తెలుగుదేశమునను లేకపోలేదు. వీరేశలింగముగారి కాలము నెరిగిన పాఠకులకు ఇది ఆశ్చర్యము కలిగింపదు.

విజ్ఞానపు దారి వేరు. 1863లో సూరతులో జన్మించిన త్రిభువన్‌దాస్ కల్యాణ్‌దాస్ గజ్జర్ రసాయన శాస్త్రజ్ఞుడు. బొంబాయిలోని విక్టోరియా రాణి పాలరాతి విగ్రహముపై ఎవరో పూసిన నల్లని తారును, పెద్దలనేకులు విఫలులైన పిమ్మట, రాతికి హాని లేకుండ తొలగించి పేరు పొందినవాడు ఈయనయే. అంతకంటె విలువైన పని బడోదా కళాభవనము. 1890లో సయాజీరావు గాయక్వాడ్ ఆదరణచే ఏర్పడిన ఆ విద్యాలయమున రంగులద్దకము, నేత, వడ్రంగము మాతృభాషలో శాస్త్రముగా నేర్పవలెనని గజ్జర్ పట్టుపట్టినాడు. అందుకు కావలసిన పరిభాషను, పుస్తకములను సిద్ధము చేయించుటకు పూనుకొన్నాడు. చేతిపనివాని కొడుకు తన మాటలలోనే రసాయనశాస్త్రమును చదువవలెనని ఆయన కోరిక. కొడుకు అని నేను తెలిసియే వ్రాయుచున్నాను. సూరతులోనే 1907లో బాజీగౌరి మున్షీ, శివగౌరి గజ్జర్ అను ఇరువురు వితంతువులు వనితా విశ్రామ్ అను సంస్థను స్థాపించి, దిక్కులేని స్త్రీలకు ఆశ్రయమును, బాలికలకు చదువును కల్పించిరి. అది పెరిగి పెరిగి 2021లో మహిళా విశ్వవిద్యాలయమైనది. ఒకే నగరపు బిడ్డలు ఒకే తరమున చేసిన రెండు గొప్ప పనులివి. ఒకదానిలో శాస్త్రము, రెండవదానిలో బాలిక. రెండును ఇరుగుపొరుగున పెరిగినవి.

ఇక బొమ్మ. 1925లో సూరతునుండి గాండీవ్ అను పిల్లల పక్షపత్రిక వెలువడినది. నటవర్‌లాల్ మాళవీ దాని వ్యవస్థాపకుడు. అర్జునుని విల్లు పేర పిల్లల పత్రిక పెట్టుట ఆ జాతీయోద్యమ దినములకు తగియున్నది. బారడోలీ సత్యాగ్రహము మూడేండ్ల తరువాత ఆ జిల్లాలోనే జరిగినది. అదే కాలమున భావనగరములో గిజుభాయి బధేకా, తారాబాయి మోడక్ పిల్లలను కొట్టని, భయపెట్టని బడిని నడుపుచుండిరి. గిజుభాయి బాలమందిరము 1920లో ప్రారంభమైనది. గుజరాతులో బాలసాహిత్యము నీతిబోధనుండి విడివడి నవ్వు నేర్చుకొన్నది ఈ రెండు ఊళ్ళలోనని నా అభిప్రాయము. భావనగరము సిద్ధాంతము నిచ్చినది. సూరతు పక్షమునకొకసారి కాగితముపై నవ్వు నిచ్చినది.

ఆ నవ్వునకు పేరు బకోర్ పటేల్. 1936 నుండి 1955 వరకు హరిప్రసాద్ వ్యాస్ గాండీవ్‌లో వ్రాసిన ఈ కథలను చదువని గుజరాతీ గృహస్థు ఆ తరములో అరుదు. బకోర్ పటేల్ ఒక మేక. తలపాగా చుట్టి, కోటు తొడిగి, బొంబాయి మధ్యతరగతి వర్తకుని వలె సంసారము చేయును. అతని భార్య శకరీ పటలాణీ. పులి వకీలు, ఏనుగు మిత్రుడు — ఇట్టి జంతువులన్నియు మానవుల వలె ఇచ్చిపుచ్చుకొనుచు, పొరపడుచు, అపహాస్యము పాలగుచు నుండును. మన పంచతంత్రమున జంతువు నీతి చెప్పుటకు నోరు తెరచును. ఇచ్చట జంతువు టీ త్రాగుటకు నోరు తెరచినది. ఈ మార్పు చిన్నది కాదు.

తన్‌సుఖ్, రమణ్ అను చిత్రకారులు ఈ కథలకు బొమ్మలు వేసిరి. ఆనాటి అచ్చు పద్ధతి వారి గీతను నిర్ణయించినది. శిలాముద్రణము వెనుకబడి, సీసపు అక్షరములు వచ్చినవి. అక్షరముల నడుమ బొమ్మ రావలెనన్న జింకు పలకపై ఆమ్లముతో గీతను తేల్చి, కొయ్యదిమ్మెకు కొట్టి, అక్షరములతో పాటు బిగింపవలెను. అందు నలుపు, తెలుపు తప్ప నడిమి ఛాయ లేదు. రంగుల దిమ్మెలు ఖరీదు గనుక అవి అట్టమీదికే. కావున చిత్రకారుడు కొలది గీతలలో మేకకు గర్వమును, పులికి న్యాయవాది గాంభీర్యమును తేవలెను. మేక ముఖమునకు కులము లేదు, మతము లేదు. పాఠకుడెవడైనను అందు తన పినతండ్రిని చూచుకొనగలడు. అయినను ఒక్కటి మిగిలినది. ముఖము మేకదైనను శకరీ పటలాణీకి చీర తప్పలేదు. ఆ చీర చూడగానే వంటయిల్లు ఎవరిదో, పయనము ఎవరిదో పిల్లలకు తెలిసిపోయినది. ఆమె మాటకారి, పలుమారులు భర్తకంటె తెలివిగలది. హరిప్రసాద్ వ్యాస్ ఆమెకు అన్యాయము చేసినాడని నేననను. కాని ఆమె గృహిణి. ఏదో ఒకటి కనిపెట్టుటకు బయలుదేరిన బాలిక ఆ లోకమున కథానాయిక కాలేదు.

బయలుదేరుటకు పుస్తకములు లేకపోలేదు. 1930ల నుండి మూల్‌శంకర్ భట్ జూల్స్ వెర్న్ నవలలను సాగరసమ్రాట్ మొదలైన పేర్లతో గుజరాతీలోనికి తెచ్చి, సముద్రగర్భమును, భూగర్భమును పిల్లల చేతిలో పెట్టినాడు. ఆ వెర్న్ 1865లో వ్రాసిన చంద్రయాత్రను ఒకమారు తెరచి చూడుడు. ఫిరంగి గుండులో చంద్రుని వైపు పోయినవారు ముగ్గురు పురుషులు, రెండు కుక్కలు, కొన్ని కోళ్ళు. ఆ కుక్కలలో ఒకదాని పేరు డయానా. ఆ యాత్రలో స్త్రీపేరు గలది ఆ కుక్కయే! దాదాపు నూరేండ్ల తరువాత, 1959లో, అమెరికాలో పసిపిల్లల కొరకు మే ఫ్రీమన్, ఐరా ఫ్రీమన్ దంపతులు చంద్రయాత్రపై బొమ్మల పుస్తకము వెలువరించిరి. రచయితలలో ఒకరు స్త్రీయే. చంద్రునిపైకి పోయిన బిడ్డ మాత్రము మగపిల్లవాడు. కావున ఈ లోపమును గుజరాతు మీదనో, భారతదేశము మీదనో నెట్టుట న్యాయము గాదు.

పుస్తకములకంటె లోకము ముందు నడచినది. 1963 జూన్ 16న వలెంతీనా తెరెష్కోవా భూమిని చుట్టివచ్చుటకు బయలుదేరినది. ఆ యేడే నవంబరు 21న, అహమ్మదాబాదువాడైన విక్రమ్ సారాభాయి ప్రేరణతో, కేరళ తీరమున తుంబా నుండి భారతభూమిపైని మొదటి శాస్త్రీయ రాకెట్టు పైకెగసినది. తుంబాలో వాతావరణ పరిశీలన పరికరముల గోపురమును ఏర్పరచినది అన్నా మణి అను శాస్త్రజ్ఞురాలు. 1918లో పీరుమేడున జన్మించిన ఈమెను గూర్చి ఒక సంగతి ప్రసిద్ధము. ఎనిమిదవ జన్మదినమునకు ఆడపిల్లలకు వజ్రపు కమ్మలు ఇచ్చుట వారింటి ఆచారము. ఆ పిల్ల కమ్మలు వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటములు కావలెనని కోరినది. ఈ కథను సూరతులో చెప్పినచో దానికి వేరొక మెరుపు వచ్చును. ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో పదింట తొమ్మిది ఆ నగరపు సానరాళ్ళమీదనే నునుపుదేరునని చెప్పుదురు.

అన్నా మణి కోరినవి పుస్తకములు. అట్టి పిల్లలను గూర్చిన పుస్తకములు వచ్చుటకు అచ్చు ఖర్చు అడ్డము. ఒక్క గుజరాతీలో రంగుల పుస్తకము అచ్చువేసినచో ధర పెరుగును, కొనువారు తగ్గుదురు. ఈ చిక్కును విప్పిన ఉపాయము చాల సులభమైనది. రంగు బొమ్మలను నాలుగు సిరాలతో ముద్రింతురు: నీలము, గులాబి, పసుపు, నలుపు. అక్షరమంతయు నలుపులోనే ఉంచినచో, మొదటి మూడు రంగులను అన్ని భాషలకు ఒక్కమారే అచ్చొత్తి, భాష మారినప్పుడు నల్లపలకను మాత్రము మార్చవచ్చును. 1957లో స్థాపితమైన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయ మాలలో ఒకే బొమ్మ పలుభాషలు పలుకుట ఇట్టి ఆలోచన ఫలమే. మాస్కోనుండి తక్కువ ధరకు వచ్చిన బొమ్మల పుస్తకములును తెలుగు, గుజరాతీ ఇండ్లకు చేరినవి. వానిని ఉప్పల లక్ష్మణరావుగారి వంటివారి తెలుగులో చదివిన తరము ఇంకను ఉన్నది.

తుదకు 2015లో ప్రథమ్ బుక్స్ సంస్థ స్టోరీవీవర్ పేర బొమ్మల కథలను ఎవరైనను ఉచితముగ చదువుటకు, తమ భాషలోనికి మార్చుకొనుటకు వీలు కల్పించినప్పుడు నల్లపలక కూడ అక్కరలేకపోయినది. నందితా జయరాజ్ వ్రాసి, ప్రియా కురియన్ బొమ్మలు వేసిన అన్నా మణి కథ ఆ సంస్థ ప్రచురించినదే. అందు బాలిక ఉన్నది, విజ్ఞానమున్నది, ఆకాశమున్నది, బొమ్మ ఉన్నది. అమెరికాలో 2018లో వచ్చిన రోడా అహ్మద్ పుస్తకమున, 1992లో అంతరిక్షమునకేగిన మే జెమిసన్ చిన్నతనము బొమ్మలకెక్కినది. వెనుక చెప్పిన రచయిత్రి పేరును మేయే; ఆ మే మగపిల్లవానిని చంద్రునికి పంపినది, ఈ మే తానే పోయినది.

గుజరాతీ పిల్లలకు వీరందరికంటె దగ్గరిది సునీతా విలియమ్స్. ఆమె తండ్రి దీపక్ పాండ్యా స్వగ్రామము మెహసాణా జిల్లాలోని ఝులాసణ్. 2006 డిసెంబరు నుండి 2007 జూన్ వరకు ఆమె అంతరిక్ష కేంద్రమున నుండి, అదే సంవత్సరము గుజరాతునకు వచ్చినది. 2009లో సూరతు నగరపాలక సంస్థ నక్షత్రశాలతో కూడిన విజ్ఞాన కేంద్రమును తెరచినది. 2024 జూన్‌లో కొన్ని దినముల పనికై పోయిన సునీత, నౌకలోని లోపమువలన తొమ్మిది నెలలకు పైగా పైననే నిలిచి 2025 మార్చిలో దిగివచ్చినది. ఆ నెలలలో ఝులాసణ్‌లో దీపములు వెలిగించి ప్రార్థనలు చేసిరి. తెలుగు పిల్లలకు 2021 జూలై 11న అంతరిక్షపు అంచును తాకివచ్చిన బండ్ల శిరీష ఉన్నది. ఈ ఇరువురి పేర చిన్నచిన్న జీవితకథలు పెక్కు వెలువడినవి. వానిలో చాలవరకు తేదీల పట్టికలు. పట్టిక చదివిన పిల్లకు జ్ఞాపకము పెరుగును గాని, తాను పోవలెనను కోరిక పుట్టునని నేను నమ్మను.

ఇప్పుడు సూరతులోని తెలుగువారి సంగతికి వత్తును. మరమగ్గములపై పని వెదకుకొనుచు కరీంనగరము, వరంగల్లు ప్రాంతములనుండి పద్మశాలి కుటుంబములు దశాబ్దములుగా సూరతు చేరినవి. లింబాయత్ మొదలైన పేటలలో మగ్గముల చప్పుడు నడుమ తెలుగు వినబడును. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సైతము ప్రాథమిక పాఠశాలలను నడుపుచు వచ్చినది. ఆ ఇంటి పిల్ల వీధిలో గుజరాతీ, హిందీ విని, బడిలో తెలుగు అక్షరములు దిద్దుకొనును. ఆమె చేతికి ఒక గుజరాతీ బొమ్మల పుస్తకమును తెలుగు చేసి ఈయవలెనన్న అనువాదకునకు ఒక చిక్కు వచ్చిపడును. ఆ చిక్కు ఈ చరిత్రకంతటికి సంబంధించినది.

గుజరాతీలో లింగములు మూడు. ఎగిరినవాడు పిల్లవాడైన ఛోక్రో ఊడ్యో. పిల్లదైన ఛోక్రీ ఊడీ. ఎవరో చెప్పనక్కరలేనప్పుడు బాళక్ ఊడ్యుఁ. బాళక్ నపుంసక లింగము. గుజరాతీ రచయిత రాకెట్టులో బాళక్‌ను ఎక్కించినచో, ఆ బిడ్డ ఆడయో మగయో మాట చెప్పదు. చిత్రకారుడు జడ వేసెనా, వేయలేదా అనునదే చెప్పును. నిర్ణయమంతయు బొమ్మది. తెలుగున అట్లు కాదు. సంస్కృతపు పోలికను నమ్మి అనువాదకుడు బాళక్‌ను బాలుడు చేసినచో ఎగిరినాడు అనక తప్పదు. అక్కడితో ఆ పుటలోని పిల్ల మాయమగును, బొమ్మలో జడ ఉన్నను పిల్లలు తెల్లబోవుదురు. బాలిక చేసినచో ఎగిరినది అనవలెను. మన వ్యాకరణమున ఏకవచనమందు స్త్రీయు అమహత్తుతో చేరును గనుక, ఎగిరినది అనగా బాలికయు కావచ్చును, రాకెట్టును కావచ్చును. ఇది స్త్రీకి గౌరవలోపమని ఆక్షేపించినవారున్నారు. ఈ ఒక్కచోట మాత్రము అది అనువాదకునకు ఉపకారమే. బాళక్ అనుచోట బిడ్డ అని వ్రాసి, బిడ్డ ఎగిరినది అన్నచో గుజరాతీలోని తటస్థత చెక్కుచెదరక నిలుచును. కోస్తా పాఠకుడు బొమ్మను చూచి ఆడయో మగయో నిర్ణయించుకొనును. లింబాయత్ మగ్గపు ఇండ్లలో ఆ బొమ్మ వరకు పోనక్కరలేదు. కరీంనగరము మాటలో కొడుకు అనగా కొడుకే, బిడ్డ అనగా కూతురు.